పచ్చగీత బయట నీళ్లు

కడెం డ్యాము గేట్లన్నీ ఎత్తినా చాలక, నీళ్లు కట్ట మీదుగా దూకిన ఏడాది అది. ఆ వానల్లో గోదావరి ఒడ్డు ఊళ్లలో మోటార్లు కొట్టుకుపోయాయి, బర్రెలు కొట్టుకుపోయాయి, నాటిన పొలాల మీద ఇసుక మేట వేసింది. ఆ వారంలోనే మెట్‌పల్లి అంజన్న బిడ్డ రేవతి కనబడకుండా పోయింది.

ఆమెను వెతికే పని రాజలింగు మీద పడింది. రాజలింగు జీవితమంతా ఒక బొగ్గుబాయి గేటు దగ్గర కాపలా కాసిన మనిషి. లోపలికి పోయేవాళ్లను, బయటికి వచ్చేవాళ్లను చూడటమే ఆయన చదువు. పని నుంచి దిగిపోయాక కరీంనగర్‌లో ఒక టైలరు దుకాణం పైన గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టాడు. బోర్డు మీద ఉన్నన్ని మాటలు కూడా ఆయన నోట్లో ఉండవని కింద టైలరు అంటుంటాడు.

అంజన్నది కరెంటు మగ్గం. ఆ వైపు దాన్ని సాంచె అంటారు. నూలు, సాంచె రెండూ కరీంనగర్ చీరల వ్యాపారి హనుమండ్లు సేటువి. కష్టం అంజన్నది. రేవతి కూడా ఆ సేటు గోదాములోనే పని చేసేది. మొదటి రోజే అంజన్న రాజలింగును సాంచె పక్కన నిలబెట్టి ఒక ముచ్చట చెప్పాడు. నిలువు పోగులు చుట్టి ఉండే పాత బీము అయిపోయి కొత్త బీము ఎక్కించేటప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే ముడి వేసి అతుకుతారు. ఆ ముడులన్నీ నడిచి వచ్చి మొదటి చీరలో ఒక వరుసగా పడతాయి. కంటికి సరిగా ఆనవు. వేలితో రాస్తే ఇసుక తగిలినట్టు తగులుతాయి.

“గా ముడుల చీర సేటు తీసుకోడన్నా, పక్కకు పడేస్తడు. మా ఇంట్ల అది బిడ్డకే. చిన్నప్పుడు లంగలు కుట్టిచ్చుకునేది, ఇప్పుడు చీరనే కట్టుకుంటది. మొన్న గూడ ఒకటిచ్చిన, సంచిల పెట్టుకొని పోయింది.”

“సేటు కాడ పని ఎట్ల చేస్తది.”

“ఎట్ల చేస్తదంటే ఏం జెప్పాలె. అమ్మే బట్ట మీద నీళ్ల సుక్క పడనియ్యది. తడిసిన చీర వాపసొస్తే ఇంట్ల పొయ్యి ఎలగదని చిన్నప్పటి సంది చూసింది గద.”

ఆ తర్వాత లక్సెట్టిపేట దగ్గర తుమ్మకంపల్లో ఒక ఆడమనిషి శవం చిక్కుకుని కనబడింది. ముఖం పోల్చుకునేలా లేదు. ఒంటికి చుట్టుకుని ఒక చీర ఉంది. పోలీసులు ఆ చీరకు ఫొటో తీసి సేటు గోదాము కంప్యూటరులో వెతికిస్తే, అది హనుమండ్లు సేటు అమ్మిన డిజైను అని వచ్చింది. ఆ వైపు ఆ డిజైను కొన్నది దేవవ్వ అనే ముసలామె కోడలు దీపిక ఒక్కతే. దీపిక మొగుడితో పడక వానలకు ముందే ఇల్లు విడిచి పోయింది. అన్నీ కలిశాయి. వరదలో అలాంటి శవాలు ఇంకా ఉన్నాయి, లోతుగా చూసే తీరిక ఎవరికీ లేదు. అంజన్న దారులు తెగిపోయి తిప్పలు పడి అక్కడికి చేరేసరికి దేవవ్వ ఇంటివాళ్లు శవాన్ని కాల్చి వచ్చేశారు. “నా బిడ్డ గాదట అన్నా” అని తిరుగు బస్సులోంచే ఫోన్ చేశాడు. ఆ గొంతులోకి ఎంత ఊపిరి వచ్చిందో రాజలింగుకు ఇవతల వినబడింది.

రాజలింగు ఊరుకోలేదు. దేవవ్వ ఇంటికి వెళ్లాడు.

“మా కోడలు అంచుకు పాల్ గుడ్డ కుట్టియ్యంది చీర కట్టది బిడ్డా” అంది దేవవ్వ. “గీ చీర అంచుకు సూది ముట్టలే. చెప్తే ఎవ్వలు ఇనలే. ముసల్దాని మాట అన్నరు.”

గోదావరిలో వదలాల్సిన ఆ చీరను వదలబుద్ధి కాక ఆమె ముళ్లకంచె మీద ఆరేసి ఉంచింది. రాజలింగు దాన్ని ఒళ్లో వేసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలితో తడిమాడు. ముడులు లేవు. ఒక కొస మాత్రం చిరిగి ఉంది. కంపలకు చిరిగి ఉంటుందిలే అనుకున్నాడు. ఆయన కూడా అంజన్నలాగే ఊపిరి పీల్చుకున్నాడు. చీర మడిచి సంచిలో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాడు. దీపిక కాకపోతే, రేవతి కాకపోతే, ఈ చీర ఎవరిదో హనుమండ్లు సేటు గోదాములోనే తెలియాలి.

*

“రేవతి ఎప్పుడు పోయింది సేటు.”

“ఎన్నిసార్లు అడుగుతవు రాజలింగన్నా.” హనుమండ్లు కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు. “వాన వట్టకముందే పోయింది. ఇంటికి పోతున్నని చెప్పింది.”

“ఎవలకు.”

“నాకే.”

“ఏ బస్సుకు.”

“నేనేమన్న బస్టాండుల కంట్రోలరునా.”

“ఫోన్ చేసిందా మళ్ల.”

“చెయ్యలే.”

ఆ మాట అంటున్నప్పుడు సేటు కళ్లు రాజలింగు మీద లేవు. గేటు దగ్గర అలాంటి కళ్లను రాజలింగు చాలా చూశాడు. టిఫిను డబ్బా తెరువమంటే ముందు ఆకాశం వైపు చూసే కళ్లు అవి.

గోదాము మూలన కంప్యూటరు ముందు పద్మలత కూర్చుని ఉంది. రేవతి జతగత్తె. శ్రావణం అమ్మకాలకల్లా సేటు ఒక కొత్త పని పెట్టుకున్నాడు. గిరాకీ తనకు నచ్చిన చీర ఫొటో ఫోనులో పంపితే చాలు, అలాంటిది గోదాములో ఉందో లేదో కంప్యూటరే వెతికి చూపాలి. అందుకని ఉన్న ప్రతి డిజైనుకూ ఫొటో తీసి, నంబరు వేసి, వేల ఫొటోలను ఒక్క మూటగా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లలోకి ఎక్కించాలి. క్లౌడ్ అంటారు దాన్ని. చీర విప్పి పరిచేది పద్మలత, ఫొటో తీసేది రేవతి, ఎక్కించేది హైదరాబాద్ నుంచి వచ్చిన సాయిచంద్.

రాజలింగు సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టాడు.

“దీన్ని వెతుకు బిడ్డా.”

పద్మలత ఫోనుతో ఫొటో తీసింది. కన్ను మూసి తెరిచే లోపల తెర మీద వరుసగా చీరలు వచ్చాయి. మొదటి దాని పక్కన తొంభై తొమ్మిది అని పడింది.

“గా అంకె ఏంది.”

“ఎంత కలిసిందో చెప్తది కాకా. నూటికి.”

“ఒక్క బీము మీద గిసువంటి చీరలు మస్తు వస్తయి గద. వాటిల్ల ఏది చూపెట్టినా గింతే వస్తదా.”

పద్మలత కాసేపు ఆలోచించింది. “గింత రాదు. కొంచెం తక్కువనే వస్తది. గింత వచ్చిందంటే...” ఆమె చీరను చేత్తో పట్టుకుని తెరను చూసింది. “ఫొటోల ఉన్న చీర గిదే అయ్యుంటది.”

“ఫొటో తీసిన చీర అమ్ముతరా.”

“అమ్మరు. నమూనాకు పక్కకు పెడతం.”

“మరి శవం మీదికెట్ల వచ్చింది.”

వెనక నుంచి నవ్వు వినబడింది.

“మళ్ల వచ్చిండా తాత.” సాయిచంద్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మెడలో తాడు, తాడుకు కార్డు, చేతిలో చాయ్ గ్లాసు. లక్సెట్టిపేట శవం పేరు తేల్చింది ఈ పిల్లగాడే. పేపర్లో ఫొటో కూడా పడింది. ఆ ముక్కను కంప్యూటరు పక్కన గోడకు అతికించి పెట్టుకున్నాడు. “కేసు అయిపాయె, దినాలు అయిపాయె, ఇంకా గా చీర పట్టుకొని తిరుగుతున్నవా.”

“చీర దీపికది గాదు.”

“మిషన్ చెప్పింది.”

“మిషన్ డిజైను చెప్పింది. మనిషిని నువ్వు చెప్పినవు.”

సాయిచంద్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “తాతా, వేలకు వేలు ఫొటోలు. నువ్వు కూసొని ఒక్కొక్కటి చూస్తే శ్రావణం పోయి దసరా వస్తది. నేను ఒక్క పూటల ఎక్కిచ్చిన. ఒక్క నంబరు తప్పు పోలే. నీకు కంప్యూటరు వస్తదా? రాదు గద. మరి ఎందుకు పరేషాన్ చేస్తవు అందర్ని.”

“వచ్చినోనివి నువ్వున్నవు గద. గా మొదటి ఫొటో పెద్దగ చెయ్యి.”

సాయిచంద్ విసుగ్గా మౌస్ అందుకున్నాడు. చీర తెర నిండా వచ్చింది. దాని చుట్టూ నాలుగు వైపులా పచ్చని గీత ఉంది.

“గా గీత ఏంది.”

“మిషన్ గీసుకుంటది. సరుకు ఎక్కడిదాక ఉన్నదో గంతవరకే. గీత లోపలిదే చూస్తది. గోడలు, బల్లలు దానికి అక్కర లేదు.”

“గీత బయట ఎవలు చూస్తరు.”

“ఎవలు చూడరు. చూసే పని లేకుంట చేసేటందుకే గిదంత.”

“గీత తీసెయ్యి బిడ్డా” అన్నాడు రాజలింగు పద్మలతతో.

పద్మలత మౌస్ అందుకుని నొక్కగానే గీత పోయింది. ఫొటో మొత్తం కనబడింది. అది ఈ గోదాము కాదు. నీలం సున్నం వేసిన గోడ. దానికో కిటికీ. కిటికీ ఊచలకు చీర వేలాడుతోంది. కిటికీ కింద ఒక ముక్కాలిపీట. పీట కాళ్ల దగ్గర నేల మెరుస్తోంది.

“గచ్చు నున్నగున్నది” అన్నాడు సాయిచంద్.

రాజలింగు తెర దగ్గరికి వంగాడు. “గీ నంబరు కింద ఇంకా ఉన్నయా ఫొటోలు.”

“ఐదారున్నయి.”

“పెట్టు.”

రెండో ఫొటోలో అదే కిటికీ, అదే చీర. పీట కాళ్లు సగమే ఉన్నాయి. మిగతా సగం మట్టి రంగు నీళ్లలో ఉంది. మూడో దాంట్లో పీట పక్కకు ఒరిగి తేలుతోంది. తర్వాతి దాంట్లో నీళ్లు కిటికీ గూటికి తాకుతున్నాయి. చివరి ఫొటో వంకరగా పడింది. చీర సగమే ఉంది, తక్కినదంతా నీళ్లే. అందులో కూడా పచ్చగీత మాత్రం చీర చుట్టూ ఎక్కడా తప్పకుండా చక్కగా ఉంది.

పద్మలత కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఆ దినం ఫోన్లు కలుస్తలేకుండె కాకా. ఎంత చేసినా కలుస్తలేకుండె. గని ఫొటో తీసి పెడితే, సిగ్నల్ జరంత దొరికినప్పుడు దానంతటదే వచ్చేస్తది. మా ఫోన్లల్ల గట్ల పెట్టిండ్రు.” ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. “చూడుమని పంపింది. మేం చూస్తమనుకున్నది.”

సాయిచంద్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, తాగలేదు.

“ఒక్క చీరవి ఎక్కువ ఫొటోలుంటే మిషన్ ఇంకా మంచిగ పట్టుకుంటది” అన్నాడు చివరికి. “గందుకే తీసెయ్యలే.”

“ఎక్కిచ్చేటప్పుడు చూసినవా.”

“చూస్తే గద తీసెయ్యాల్నో వద్దో తెలిసేది.” తానేమన్నాడో తనకే అర్థమై మొహం తిప్పుకున్నాడు.

రాజలింగు వెనక్కి తిరిగాడు. సేటు కుర్చీ ఖాళీగా ఉంది. కింద కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

“గిదెక్కడి గోడ బిడ్డా.”

“రాయపట్నం కాడ. గోదారి ఒడ్డుకు సేటు పాత గోదామున్నది. గాడ మిగిలిన సరుకు ఫొటోలు తీసేది ఉండె. గాడికే పంపిండ్రేమో.” పద్మలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇంటికి పోయిందన్నరు కాకా మాకు.”

“గవి జాగ్రత్త” అని తెర వైపు చూపించి రాజలింగు మెట్లు దిగాడు. ఆ ఫొటోలను తన ఫోనులోకి తీసుకోవాలని ఆయనకు తట్టలేదు. బాయి గేటు దగ్గర, చూసిన మనిషి చూశానని చెబితే అదే సాక్ష్యం. ఆ కాలంలోనే ఆయన ఆగిపోయాడు.

*

గోదాము ముందు తలుపుకు తాళం అలాగే ఉంది. పెద్ద తాళం, బయటి నుంచి వేసింది, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. రాజలింగు దాన్ని లాగి చూశాడు. గట్టిగానే ఉంది. చుట్టూ తిరిగి వెనక్కి వెళితే గోడే లేదు. రాళ్లు, మట్టి గోదావరి వైపు ఒరిగి పడి ఉన్నాయి. ఏరు ఇప్పుడు దూరంగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

లోపలికి అడుగుపెట్టాడు. మడమల దాకా ఒండ్రు. నీలం గోడ మీద నీళ్లు నిలిచిన మరక ఆయన తలకన్నా పైన ఉంది. ఆ మరకకు కూడా పైన, ముందు గోడను ఆనుకుని చెక్క అటక ఉంది. రాజలింగు పడిపోయిన దూలం మీద ఎక్కి అటక మీదికి చూశాడు. దుమ్ములో మూటలు పెట్టిన గుర్తులు ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నాయి. నీళ్లు అక్కడికి అందలేదు. మూటలు మాత్రం ఇప్పుడు లేవు. మనిషి ముడుచుకుని కూర్చునేంత జాగా కూడా ఆ గుర్తుల మధ్య ఆయనకు కనబడలేదు.

చాలాసేపు అక్కడే నిలబడి చూశాడు. తర్వాత దిగి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ఊచలకు గడ్డి, చెత్త, ప్లాస్టిక్ చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పక్కన వేశాడు. అడుగున ఊచకు కట్టి ఒక గుడ్డ ఉంది. నీళ్లు తెచ్చి చుట్టింది కాదు, చేత్తో కట్టింది. మొదట ఒక ముడి, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. ఊచకు ఒక కొస, నడుముకు ఒక కొస. వెనక గోడ పోయేదాకా ఆ గుడ్డ పట్టుకునే ఉంది. గోడ పోయాక చిరిగింది.

ముడి విప్పడానికి ఆయనకు చాలా సేపు పట్టింది. విప్పి, సంచిలోని చీర తీసి, చిరుగును చిరుగుకు ఆనించాడు. అంచు అంచుకు కలిసింది. పువ్వు పువ్వుకు కలిసింది. అప్పుడు పేలిక మీద బొటనవేలు పెట్టి మెల్లగా అడ్డంగా లాగాడు.

ఇసుక తగిలింది. ఇసుకేనేమోనని గుంటలో నిలిచిన నీళ్లలో జాడించి మళ్లీ రాశాడు. ఒక వరుసగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిన్న చిన్న ముడులు.

రాజలింగు ఒండ్రులోనే కూర్చుండిపోయాడు.

“మోకాళ్లు పట్టుకుంటయి, లే అన్నా.”

వెనక్కి తిరగకుండానే గొంతు పోల్చుకున్నాడు. హనుమండ్లు పడిపోయిన గోడ మీద నిలబడి ఉన్నాడు. తెల్ల చెప్పులకు బురద అంటకుండా రాయి చూసుకుని నిలబడ్డాడు.

“గా మూటలు ఎవలు ఎక్కిచ్చిండ్రు సేటు.”

“గా పిల్లనే.”

“ఫోన్ చెయ్యలే అంటివి.”

“చేసింది. ఒక్కసారి కలిసింది.” సేటు గొంతులో బెదురు లేదు, అలసట ఉంది. “వాకిట్లకు నీళ్లొస్తున్నయి సేటు అన్నది. ముందు సరుకు అటక మీదికెయ్యి, బండి పంపుత అన్న. ఎవలైనా గదే అంటరు. గట్ల వస్తదని ఎవలకు ఎరుక.”

“తాళం.”

“గా పిల్లను దింపిన డ్రైవరు ఏసిండు. ఆడపిల్ల ఒక్కతి ఉన్నది, సరుకున్నది, తాళం ఏసి పొమ్మని నేనే అన్న. డీజిలు కొట్టిచ్చుకొని వస్తనని పోయిండు. తిరిగి వచ్చేటాల్లకు రోడ్డు మునిగింది. రానియ్యలే వాన్ని. చావి వాని జేబులనే ఉన్నది.”

“పోలీసులకు చెప్తివా.”

సేటు ఏరు వైపు చూశాడు.

“అటక మీదికెళ్లి నాలుగు మూటలు కిందికి తోసి తనెక్కి కూసుంటే బతుకుతుండె” అన్నాడు. “నేను వద్దంటనా. ఒక్క చీర తడవలే అన్నా. ఒక్క చీర.”

రాజలింగు లేచి నిలబడ్డాడు. ఆయన చెయ్యి పిడికిలి అయి ఉంది, లోపల పేలిక ఉంది. “అమ్మినవా.”

“ఏంది.”

“గా చీరలు.”

“అమ్మక దాసుకుంటనా.”

“అంజన్న ఇంకా నీ సాంచెనే నడుపుతుండు.”

“నడపనియ్యి. నూలు నేను బందు పెట్టలే.”

రాజలింగు ఫోను మోగింది. సాయిచంద్.

“పెద్దాయనా.” ఇప్పుడు తాత అనలేదు. మాటలు ఎవరో రాసిస్తే చదివినట్టు వచ్చాయి. “గా నంబరు ఫొటోలు క్వాలిటీ లేవు. సెట్ మొత్తం డిలీట్ చేసి మళ్ల ఎక్కిచ్చిన. ఈసారి గీత లోపలిదే కోసి ఎక్కిచ్చినం. బయటిది ఇగ ఉండది. రేవతి ఫోన్ గూడ లేదు గద, అసలువి ఇంకెక్కడ ఉండయి.”

“పద్మలత చూసింది.”

“ఆమెను ఇంటికి పంపిండ్రు. ఏం చూడలే అంటుంది. కావాల్నంటే అడుగు.”

“నువ్వు చూసినవు.”

“నాకు హైదరాబాదుల అవ్వా బాపు ఉన్నరు” అన్నాడు సాయిచంద్. ఫోను పెట్టేశాడు. గోడకు అతికించిన పేపరు ముక్కను ఇప్పుడు పీకేస్తాడో, అలాగే ఉంచుతాడో రాజలింగుకు తెలియలేదు.

హనుమండ్లు అంతా విన్నాడు. నవ్వలేదు.

“ఇంక నీ చేతిల ఏమున్నదన్నా. గా పేలిక. గసువంటివి గోదారి కంపలకు ఎన్ని కావాల్నంటే అన్నున్నయి. రేపు జేసీబీ వస్తది, గీ మిగిలిన గోడలు గూడ తీస్తం. ఎప్పుడో తియ్యాల్సినయి.” రాయి మీద నుంచి రాయి మీదికి జాగ్రత్తగా అడుగు వేస్తూ వెళ్లిపోయాడు. కారు దగ్గర ఆగి, చెప్పుకు అంటిన బురదను గడ్డికి తుడుచుకున్నాడు.

రాజలింగు ఏటి ఒడ్డు దాకా నడిచాడు.

కిటికీ రేపు ఉండదు. ఫొటోలు ఇప్పటికే లేవు. శవం బూడిదైంది, ఆ బూడిద కూడా ఈ నీళ్లలోనే కలిసింది. మిగిలింది జానెడు పేలిక. అది ఎవరి చీరదో చెప్పగలిగేవాడు లోకంలో ఒక్కడే. ఆ ముడులు వేసినవాడు. ఎవరు అతికిన ముడి వాళ్ల చేతికి తెలుస్తుంది. అంజన్న చెబితే కేసు మళ్లీ తెరుస్తారా అంటే, తెరవకపోవచ్చు. సేటు పెట్టే వకీలు ముందు ముడుల వరుస ఎంతసేపు నిలుస్తుంది. ఆ మాత్రం దానికి కూడా ముందు ఆయనకు చెప్పాలి. చెప్పిన తర్వాత ఆ మనిషికి ఏం మిగులుతుంది.

పిడికిలి విప్పాడు. నీళ్లు పాదాలకు తగులుతున్నాయి. వదిలేస్తే పోతుంది. అంజన్న బతికినన్నాళ్లు రోజూ ఫోను చేస్తాడు, బిడ్డ ఎక్కడో ఉందనుకుంటాడు. అక్కడ దేవవ్వకు కోడలు చనిపోయినట్టే ఉండిపోతుంది. వదలకపోతే దేవవ్వకు వాకిలి వైపు చూసే పని మొదలవుతుంది, అంజన్నకు అయిపోతుంది. ఏది మేలో రాజలింగుకు తోచలేదు.

ఫోను మళ్లీ మోగింది. రోజూ ఆ పొద్దుకే మోగుతుంది.

“ఏమన్న తెలిసిందా అన్నా.” వెనక సాంచె చప్పుడు. అంజన్న ఆ చప్పుడు మీద అరుస్తున్నాడు.

“రేపు పొద్దుగాల వస్త.”

“నువ్వే వస్తున్నవా? గట్లయితే ఏదో జాడ దొరికినట్టే. మంచిదన్నా, రా. చాయ్ ఇక్కడనే తాగుదువు.”

రాజలింగు పేలికను మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

*

తెల్లవారి మెట్‌పల్లిలో దిగేసరికి అంజన్న షెడ్డులో సాంచె నడుస్తోంది. కొత్త బీము. పక్కన చెక్కబల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద ఒక చీర మడత పెట్టి ఉంది. రాజలింగు దాని మీద వేలు వేశాడు. ముడులు తగిలాయి. బిడ్డ వస్తే ఇవ్వడానికి తీసి పెట్టాడు.

అంజన్న తల ఎత్తి చూసి ముఖమంతా విప్పారగా, చెయ్యి ఊపి, ఏదో అడిగాడు. సాంచె చప్పుడులో వినబడలేదు. పెదాలు మాత్రం కనబడ్డాయి. రోజూ ఫోనులో అడిగేదే.

రాజలింగు నోరు తెరిచాడు. ఆ మోతలో ఆ మాట అరిచి చెప్పాలి. ఆయన జీవితంలో ఎప్పుడూ అరిచి మాట్లాడలేదు. నోరు మూసుకున్నాడు. ముందుకు నడిచి సాంచె పిడి మీద చెయ్యి వేశాడు.

“ఆపకన్నా” అని అంజన్న అరిచాడు. “నడుమ ఆపితే చీర మీద గీత వడతది.”

రాజలింగు పిడి లాగాడు. సాంచె ఆగింది. షెడ్డులో ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వచ్చేసరికి, ఇంట్లో పొయ్యి మీద చాయ్ మరుగుతున్న చప్పుడు కూడా వినబడింది.

అంజన్న ఆగిన సాంచెను చూశాడు, రాజలింగును చూశాడు. రాజలింగు జేబులోంచి పేలిక తీసి చాపాడు. అంజన్న చేతులకు నూనె ఉంది. బట్ట ముట్టుకునే ముందు ఎప్పుడూ చేసినట్టే, రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత అందుకున్నాడు. కళ్లతో చూడలేదు. బొటనవేలు దానంతటదే అంచు మీద పడి, అడ్డంగా నడుస్తూ పోయి, వరుస మధ్యలో ఒక ముడి దగ్గర ఆగింది.